పదిహేనేళ్ల ఓపిక: డార్విన్, ఈగలు పట్టే మొక్క

పోయిన ఏప్రిల్‌లో నా చేతుల్లో ఒక మొక్క చచ్చిపోయింది. అమ్మ బీడీలు చుట్టి డబ్బాలో దాచిన పైసల్లోంచి మూడు వందల యాభై రూపాయలు అడిగి తీసుకొని, పుణెలో ఒక పూల ప్రదర్శనలో కొన్న మొక్క అది. పేరు వీనస్ ఫ్లై ట్రాప్. అరచేతిలో పట్టేంత కుండీ, అందులో ఏడెనిమిది ఆకులు. ఒక్కో ఆకు చివర రెండు రెప్పలు, రెప్పల అంచున కనురెప్పల వెంట్రుకల్లాంటి పళ్లు. ఈగ లోపలికొస్తే రెప్పలు టక్కున మూసుకుంటయి. ఈగను అరిగించుకున్నాక మళ్లీ తెరుచుకుంటయి.

మన సోలాపూర్‌లో, మా గల్లీలో అట్లాంటి మొక్కను ఎవరూ చూడలేదు. చాదర్ల కార్ఖానా నుంచి షిఫ్టు దిగి వచ్చినోళ్లు, బీడీ ఆకు తేవడానికి పోయే ఆడవాళ్లు, బడిపిల్లలు అందరూ మా గుమ్మం ముందు ఆగేవాళ్లు. వచ్చినవాళ్లకల్లా అగ్గిపుల్లతో తట్టి, ఆకు మూసుకోవడం చూపించేదాన్ని. ఆదివారం మటన్ వండితే చిన్న ముక్క కోసి దానికీ పెట్టేదాన్ని. పొద్దున, సాయంత్రం బోరు నీళ్లు పోసేదాన్ని. నెలన్నరలో ఆకులన్నీ ఒక్కటొక్కటిగా నల్లబడిపోయినయి. అమ్మ ఒక్క మాట కూడా అనలేదు. ఖాళీ కుండీని కడిగి అందులో తులసి నాటింది. ఆమె తిట్టి ఉంటే నాకింత బాధ ఉండేది కాదు.

ఎందుకు చచ్చిపోయిందో తెలుసుకోవాలని లైబ్రరీలో వెతకడం మొదలుపెట్టిన. ఏ పుస్తకం తెరిచినా ఒకే మనిషి ఎదురయ్యాడు, చార్లెస్ డార్విన్. కోతి నుంచి మనిషి అన్న ఆయనగా మనందరికీ తెలిసిన పేరే. ఆయన ఈగలు పట్టే మొక్కల మీద పదిహేనేళ్లు పని చేశాడని మాత్రం నాకు అప్పటిదాకా తెలియదు. మన గోడపత్రికలో మామూలుగా మొల్ల గురించో, వేమన గురించో, కందుకూరి గురించో రాస్తుంటం. ఈసారి మేడం అనుమతితో డార్విన్ గురించి రాస్తున్నా.

తండ్రికి నచ్చని కొడుకు

డార్విన్ 1809 ఫిబ్రవరి 12న ఇంగ్లండ్‌లోని ష్రూస్‌బరీ అనే ఊళ్లో పుట్టాడు. తండ్రి పేరున్న డాక్టరు, డబ్బుకు లోటు లేదు. ఎనిమిదేళ్ల వయసులో తల్లి చనిపోయింది. చదువులో ఈ పిల్లవాడు గొప్పవాడేమీ కాదు. కుక్కలు, తుపాకీ వేట, ఎలుకలు పట్టడం తప్ప నీకింకేం పట్టదు, ఇంటిపేరు చెడగొడతావని తండ్రి ఒకరోజు గట్టిగానే అన్నాడట. ఆ మాటను డార్విన్ ముసలితనంలో కూడా మర్చిపోలేదు.

తండ్రి ఆయనను 1825లో ఎడిన్‌బరోకు డాక్టరు చదువుకు పంపాడు. అప్పటికింకా మత్తుమందు రాలేదు. చిన్నపిల్లవాడికి చేస్తున్న ఒక ఆపరేషన్ చూడలేక డార్విన్ గదిలోంచి పారిపోయాడు. డాక్టరు కాలేవు, పోనీ చర్చిలో గురువువైనా కమ్మని తండ్రి కేంబ్రిడ్జికి పంపాడు. అక్కడ ఆయన ఎక్కువ కాలం పురుగులు ఏరుకుంటూ గడిపాడు. ఆ పురుగుల పిచ్చిని తప్పు పట్టకుండా వెంట తిప్పుకొన్నవాడు హెన్స్‌లో అనే వృక్షశాస్త్ర ప్రొఫెసర్. బీగల్ అనే ఓడ మీద ప్రపంచం చుట్టి వచ్చే అవకాశం కూడా ఆయన వల్లనే దొరికింది. తండ్రి వద్దన్నాడు. మేనమామ జోసయా వెజ్‌వుడ్ నచ్చజెప్పిన తర్వాతనే ఒప్పుకున్నాడు.

1831 డిసెంబర్ 27న ఓడ బయలుదేరింది. దాదాపు అయిదేళ్లు తిరిగి 1836లో వచ్చింది. ఆ ప్రయాణం గురించి మన పాఠ్యపుస్తకాల్లో ఉంది కాబట్టి ఇక్కడ వదిలేస్తున్నా. 1839లో మేనమామ కూతురు ఎమ్మాను పెళ్లి చేసుకున్నాడు. 1842లో లండన్ వదిలి కెంట్ జిల్లాలో డౌన్ అనే పల్లెలో ఇల్లు తీసుకున్నాడు. మిగతా నలభై ఏళ్లు ఆ ఇంట్లోనే గడిచినయి. పది మంది పిల్లలు పుట్టి, ముగ్గురు చిన్నతనంలోనే పోయారు. పదేళ్ల ఆనీ 1851లో చనిపోయినప్పుడు తండ్రి గుండెకు పడ్డ గాయం చివరిదాకా మానలేదంటారు. ఆయనకూ ఆరోగ్యం అంతంతమాత్రమే. కడుపులో బాధ, వాంతులు, నీరసం వదిలేవి కావు. రోజుకు నాలుగు గంటలు పని చేయగలిగితే అది మంచి రోజు.

పావురాల పాఠం

నా మొక్క కథకు అవసరమైన ఒక సంగతి ఇక్కడ చెప్పాలి. 1855లో డార్విన్ పావురాలు పెంచడం మొదలుపెట్టాడు. లండన్‌లో పావురాలు పెంచేవాళ్ల సంఘాల్లో చేరి, సారా దుకాణాల్లో కూర్చొని వాళ్ల ముచ్చట్లు విన్నాడు. పెద్ద పండితుడు పనివాళ్ల మధ్యన కూర్చోవడం అప్పట్లో వింతే.

ఆయన చూసిందేమిటంటే, విసనకర్ర లాంటి తోక ఉన్న పావురం, గొంతు బుడగలా ఉబ్బే పావురం, ఎగురుతూ పల్టీలు కొట్టే పావురం పక్కపక్కన పెడితే వేర్వేరు పక్షులని అనిపిస్తయి. కానీ అన్నీ ఒకే కొండ పావురం సంతతి. మనిషి తనకు నచ్చిన తేడాను ఏరుకొని, దానికే పిల్లలు పుట్టించి, మళ్లీ వాటిలో ఏరుకుంటూ పోతే తరాలు గడిచేసరికి కొత్త రూపం వస్తుంది. మనిషి కొద్ది కాలంలో ఇంత చేయగలిగితే, ప్రకృతి లక్షల ఏళ్లలో ఎంత చేయాలి? 1859 నవంబర్‌లో వచ్చిన ఆయన ప్రసిద్ధ గ్రంథం జీవజాతుల పుట్టుక మొదటి అధ్యాయంలోనే ఈ పావురాలు ఉన్నయి. ఈ పాఠం గుర్తుంచుకోండి, చివర్లో మళ్లీ దీని దగ్గరికే వస్తా.

హార్ట్‌ఫీల్డ్‌లో ఒక వేసవి

పుస్తకం వచ్చాక దేశమంతా గొడవ. పత్రికల్లో బొమ్మలు వేసి వెక్కిరించారు, చర్చిల్లో తిట్టారు. ఇంట్లో కూతురు హెన్రియెటాకు జబ్బు. అట్లాంటి 1860 వేసవిలో డార్విన్ కుటుంబం హార్ట్‌ఫీల్డ్ అనే ఊరికి, ఎమ్మా అక్కచెల్లెళ్ల దగ్గరికి పోయింది. పనేం లేక బీడు నేలల మీద తిరుగుతుంటే తడి నేలలో ఎర్రగా మెరిసే చిన్న మొక్కలు కనిపించినయి. వాటి పేరు సన్‌డ్యూ, శాస్త్రంలో డ్రోసెరా. ఆకు నిండా వెంట్రుకలు, వెంట్రుక కొసన బంక చుక్క. ఎండలో మంచుబిందువులా కనిపిస్తుంది.

ఆ ఆకులకు పురుగులు అంటుకొని ఉండటం అంతకుముందు ఎంతోమంది చూసినారు. డార్విన్ మాత్రం కూర్చొని లెక్కపెట్టాడు. చేతికి దొరికిన పన్నెండు మొక్కలు తీసుకున్నాడు. బాగా విచ్చుకున్న ఆకులు 56, వాటిలో 31 ఆకుల మీద చచ్చిన పురుగులో, వాటి ముక్కలో ఉన్నయి. సగం కన్నా ఎక్కువ! ఇది ఏదో పొరపాటున జరిగేది కాదు, మొక్కకు దీంతో పని ఉందని ఆయనకు అప్పుడే తట్టింది.

మొక్కలను ఇంటికి తెచ్చి గాజు పళ్లేల్లో పెట్టాడు. పాలు, పచ్చి మాంసం, గుడ్డు తెల్లసొన, లాలాజలం ఒక్కొక్క చుక్క ఆకుల మీద వేసి చూశాడు. వెంట్రుకలు వంగి దాన్ని పట్టుకున్నయి. చక్కెర నీళ్లు, జిగురు, నూనె, టీ డికాషన్ వేస్తే కదల్లేదు. అంటే మాంసకృత్తుల్లాంటి నత్రజని ఉన్న ఆహారాన్ని ఆ ఆకు గుర్తు పడుతోంది. మనిషి వెంట్రుక తుంపు ఒకటి, మిల్లీగ్రాములో వెయ్యో వంతు కూడా లేనిది పెట్టినా ఆకు వెంట్రుక వంగింది. మన నాలుకకు, చర్మానికి తెలియని బరువు అది.

మన దేశం నుంచి కూడా ఒక వస్తువు ఆ ప్రయోగాల్లోకి పోయింది. కలకత్తాలో పాముల మీద పరిశోధన చేసిన డాక్టర్ ఫేయ్రర్ ఇచ్చిన నాగుపాము విషాన్ని డార్విన్ డ్రోసెరా ఆకు మీద పరీక్షించాడు. జంతువును చంపే ఆ విషం మొక్కను చంపలేదు సరికదా, తిండి దొరికినట్టు ఆకు చురుకుగా కదిలింది. ఇదంతా చూసి ఎమ్మాకు నవ్వొచ్చేదట. చివరికి ఈ మొక్క ఒక జంతువేనని రుజువు చేస్తాడేమోనని ఉత్తరంలో వేళాకోళం చేసింది.

ప్రపంచం నమ్మని మొక్క

డ్రోసెరాకు దగ్గరి చుట్టమే నా వీనస్ ఫ్లై ట్రాప్. శాస్త్రనామం డయోనియా మస్సిపులా. లోకం మొత్తం మీద ఇది తనంత తానుగా పెరిగేది ఒక్క చోటనే, అమెరికాలో ఉత్తర, దక్షిణ కరోలినా రాష్ట్రాల సముద్రతీరపు తడి ఇసుక నేలల్లో, విల్మింగ్టన్ అనే ఊరి చుట్టుపక్కల. దాని గురించి మొదట రాసింది ఉత్తర కరోలినా గవర్నరు ఆర్థర్ డాబ్స్, 1759లో. దానికి శాస్త్రీయంగా పేరు పెట్టింది లండన్ వ్యాపారి జాన్ ఎల్లిస్. 1769లో ఆయన స్వీడన్ పండితుడు లిన్నేయస్‌కు రాస్తూ ఈ మొక్క పురుగును తింటుందేమోనని సూచించాడు. మొక్కలకు, జంతువులకు పేర్లు పెట్టే పద్ధతి నేర్పిన అంతటి లిన్నేయస్ నమ్మలేదు. మన అత్తిపత్తి ముట్టుకుంటే ముడుచుకున్నట్టే ఇదీ ముడుచుకుంటుంది, పురుగు కదలడం మానేస్తే వదిలేస్తుంది అనుకున్నాడు. జంతువు మొక్కను తినాలి గానీ మొక్క జంతువును తినడం సృష్టి వరసకే విరుద్ధమని అప్పటి పెద్దల ఆలోచన.

డార్విన్‌కు ఈ మొక్కలు లండన్ దగ్గరి క్యూ ఉద్యానవనం నుంచి వచ్చేవి. అక్కడి హుకర్ ఆయనకు ప్రాణస్నేహితుడు. ఆకులో ఒక్కో రెప్ప మీద సాధారణంగా మూడు సన్నని వెంట్రుకలుంటయి. బోనుకు మీట అదే. నీటి చుక్క పడ్డా, గాలి ఊదినా ఆకు పట్టించుకోదు, ఆ వెంట్రుక కదిలితే మాత్రం మూసుకుంటుంది. చిన్న కట్టెముక్క మీద మూసుకున్న ఆకు ఒక రోజు తిరగకుండానే తెరుచుకుంటుంది. పురుగు మీద మూసుకుంటే మాత్రం రోజుల తరబడి తెరవదు. లోపల పుల్లని రసం ఊరి, పురుగులో మెత్తని భాగమంతా కరిగిపోతుంది. మన కడుపులో జరిగే పనికి ఇది చాలా దగ్గరని ఆయన చూపించాడు.

ఆ పళ్లు ఎందుకున్నయి? ఈ ప్రశ్న దగ్గర ఆయన ఓపిక చూడండి. ఆకు మొదట మూసుకున్నప్పుడు పళ్ల మధ్య సందులుంటయి. చిన్న పురుగు ఆ సందుల్లోంచి తప్పించుకుంటుంది. చిన్నదాన్ని తినడానికి ఆకు అన్ని రోజులు మూసుకొని ఉండటం దండగ, అందుకే వదిలేస్తుందేమోనని ఆయన ఊహ. ఊహను నిజమని రాసేయలేదు. అమెరికాలో క్యాన్‌బీ అనే ఆయన, మొక్క పుట్టిన చోటనే, పురుగులు పట్టిన పద్నాలుగు ఆకులు కోసి పంపాడు. తెరిచి చూస్తే నాలుగింటిలో చీమలు, చిన్న ఈగ. మిగతా పదింటిలో పెద్ద పురుగులు, ఒక సాలీడు, ఒక జెర్రి. ఊహకు బలం వచ్చింది.

ఇంకో సంగతి. జంతువుల కండరంలో నరం పని చేసేటప్పుడు విద్యుత్తు పుడుతుంది కదా, ఈ ఆకులోనూ పుడుతుందా అని డార్విన్‌కు అనుమానం వచ్చింది. ఆయన కోరిక మీద లండన్ డాక్టరు బర్డన్ శాండర్సన్ 1873లో పరీక్షించి ఉందని చెప్పాడు. మొక్కల్లో విద్యుత్ సంకేతాల మీద తర్వాత మన జగదీశ్ చంద్ర బోస్ ఎంత పని చేశాడో మీకు తెలుసు. బోస్ కేంబ్రిడ్జిలో చదువుకున్నప్పుడు పాఠం చెప్పినవాళ్లలో డార్విన్ కొడుకు ఫ్రాన్సిస్ ఒకడు.

వైన్‌లాండ్ నుంచి ఉత్తరాలు

1860లో మొదలైన పని మధ్యలో ఎన్నోసార్లు ఆగింది. ఆర్కిడ్ల మీద, పెంపుడు జంతువుల మీద, మనిషి పుట్టుక మీద పుస్తకాలు అడ్డం వచ్చినయి. 1872లో మళ్లీ పట్టుకున్నాడు. అప్పుడే అమెరికా నుంచి ఒక ఆడమనిషి ఉత్తరాలు రావడం మొదలైంది. ఆమె పేరు మేరీ ట్రీట్. మన కాలేజీలో ఈ పేరు అందరికీ తెలియాలని నా కోరిక.

మేరీ 1830లో పుట్టింది. భర్త డాక్టరు. న్యూజెర్సీలో వైన్‌లాండ్ అనే ఊళ్లో కాపురం. ఆమెకు యూనివర్సిటీ లేదు, ప్రయోగశాల లేదు. పెరట్లో చీమలు, సాలీళ్లు, కిటికీ దగ్గర కుండీల్లో మొక్కలు, ఒక సూక్ష్మదర్శిని. భర్త ఆమెను వదిలి పోయాడు. అప్పుడు ఆమె ప్రకృతి గురించి పత్రికలకు వ్యాసాలు రాసి, ఆ డబ్బుతో బతికింది. చూసింది చూసినట్టు రాయడమే ఆమెకు జీవనాధారమైంది.

ఆమె న్యూజెర్సీలో వీనస్ ఫ్లై ట్రాప్ మొక్కలు పెంచి, ఒక్కో ఆకు ఎన్ని పురుగులను అరిగించుకుంటుందో చూసింది. చాలా ఆకులు వరసగా మూడు ఈగలను పట్టినయి, కానీ మూడోది అరిగించుకోలేక ఆ ప్రయత్నంలోనే చచ్చిపోయినయి. అయిదు ఆకులు మాత్రం మూడింటిని అరిగించుకొని నాలుగోదాని మీద మూసుకున్నయి, ఆ తర్వాత కొద్ది రోజులకే అవీ పోయినయి. డార్విన్ ఈ లెక్కను ఆమె పేరుతోనే తన పుస్తకంలో వేశాడు.

ఇది చదివిన రోజు లైబ్రరీలో పుస్తకం మూసి కాసేపు ఊరికే కూర్చున్న. నా మొక్క ఎందుకు చచ్చిందో నూటయాభై ఏళ్ల కింద ఒకామె చెప్పే పోయింది. మూసుకోవడం ఆకుకు ఆట కాదు, ఖర్చు. నేను వచ్చినవాళ్లకు చూపించడానికి అగ్గిపుల్లతో తట్టి తట్టి దాన్ని అలసిపోయేట్టు చేసిన. దానికి తోడు మటన్ పెట్టిన. మన సోలాపూర్ బోరు నీళ్లలో ఉప్పులెక్కువ, దానికి కావలసింది వాన నీళ్లు. దాని సొంత నేలలో చలికాలం కొన్ని నెలలు అది నిద్రపోతుంది, మన ఏప్రిల్ ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. ప్రేమ ఉంది గానీ చూడటం రాలేదు నాకు.

మేరీ ట్రీట్ చేసిన ఇంకో పెద్ద పని యుట్రిక్యులేరియా మీద. అది నీటిలో చిన్న చిన్న తిత్తులతో పురుగులు పట్టే మొక్క. తిత్తి తలుపును చిన్న జీవులు తలతో తోసుకొని లోపలికి పోతయని డార్విన్ అనుకున్నాడు. తన కళ్లతో మాత్రం చూడలేకపోయాడు. మేరీ సూక్ష్మదర్శిని ముందు గంటల తరబడి కూర్చొని ఆ జీవులు లోపలికి పోవడం చాలాసార్లు చూసింది. ఈ విషయంలో ఇంకెవరికన్నా ఆమెకే ఎక్కువ సాధ్యమైందని డార్విన్ తన పుస్తకంలో ఒప్పుకున్నాడు. తిత్తి ఒక్కసారిగా నీటిని పీల్చుకోవడం వల్ల జీవి లోపలికి పోతుందని తర్వాతి కాలపు శాస్త్రజ్ఞులు తేల్చారు. ప్రపంచమంతా పేరున్న మనిషి, చదువు పట్టా లేని ఆమె చూపును తన చూపు కన్నా మేలైనదని అచ్చులో చెప్పడం నాకు డార్విన్ జీవితంలో అన్నిటికన్నా నచ్చిన సంగతి.

1875 జూలైలో కీటకాహార మొక్కల మీద ఆయన పుస్తకం వచ్చింది. పదిహేనేళ్ల పని. అయినా ఒక ప్రశ్న మిగిలింది. పురుగులు తినడం వల్ల మొక్కకు నిజంగా లాభమా? తినకున్నా బతుకుతుంది కదా అని కొందరన్నారు. కొడుకు ఫ్రాన్సిస్ డ్రోసెరా మొక్కలను రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు మాంసం పెట్టి, ఒక జట్టుకు పెట్టకుండా పెంచాడు. మాంసం తిన్న జట్టుకు గింజలు చాలా ఎక్కువ కాసినయి. 1878లో ఆ ఫలితం అచ్చయింది. నత్రజని లేని బీద నేలలో బతకడానికి ఈ మొక్కలు వెతుక్కున్న దారి ఇదని అట్లా రుజువైంది. తండ్రి అడిగిన ప్రశ్నకు కొడుకు జవాబు తేవడం ఆ ముసలాయనకు ఎంత తృప్తి అయి ఉంటుందో! డార్విన్ 1882 ఏప్రిల్ 19న తన డౌన్ ఇంట్లోనే కన్ను మూశాడు. చర్చి తిట్టిన మనిషిని వెస్ట్‌మిన్‌స్టర్ అబ్బేలో, రాజుల మధ్యన సమాధి చేశారు.

కుండీల్లోకి వచ్చిన ఎర్ర డ్రాగన్

ఇప్పుడు పావురాల పాఠం గుర్తు చేసుకోండి. వీనస్ ఫ్లై ట్రాప్ ఒకే ఒక్క జాతి. దాని ప్రజాతిలో ఇంకో జాతి కూడా లేదు. కానీ ఇప్పుడు నర్సరీల జాబితాలు చూస్తే కళ్లు తిరుగుతయి. అకాయి ర్యూ అనే రకం ఆకు, కాడ అంతా ఎరుపే. జపాన్ భాషలో ఆ పేరుకు అర్థం ఎర్ర డ్రాగన్. అమెరికాలో తయారై 1996లో నమోదైంది. బీ ఫిఫ్టీటూ అనే రకానికి బోనులు పెద్దవి. డెంటే రకంలో పొడుగు పళ్లకు బదులు రంపం లాంటి పొట్టి పళ్లు. ఇంకో రకంలో పళ్లు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉంటయి. ఇంకోదానిలో ఆకు గిన్నెలా ముడుచుకొని సరిగా తెరుచుకోనే తెరుచుకోదు.

ఇదంతా పావురాల పని లాంటిదే. వేల మొక్కల్లో ఒక్క వింత మొక్క కనబడుతుంది. మనిషి దాన్ని ఏరి పక్కన పెడతాడు. ఇక్కడొక తేడా ఉంది. గింజ నుంచి వచ్చిన పిల్ల తల్లిలాగే ఉంటుందన్న నమ్మకం లేదు, కాబట్టి దానికి ఆ పేరు పెట్టరు. ఆకును అడుగుదాకా లాగి నాటడం, దుంపను చీల్చి నాటడం, లేదా టిష్యూ కల్చర్‌లో సీసాల్లో పెంచడం ద్వారా అచ్చం తల్లినే మళ్లీ మళ్లీ తయారు చేస్తారు. అప్పుడే ఆ పేరు చెల్లుతుంది.

డార్విన్ పళ్ల సందుల గురించి అంత ఆలోచించాడు కదా! పళ్లు అతుక్కుపోయిన రకాన్ని, తెరుచుకోని గిన్నె ఆకును ఆ కరోలినా ఇసుకలో వదిలితే ఎన్నాళ్లు బతుకుతయి? కుండీలో మనిషి కంటికి ఇంపుగా ఉన్నదే వాటి బలం. గొంతు ఉబ్బే పావురం కూడా కొండల్లో వదిలితే అంతే.

ఈ రకాల్లో ఒకదాని పేరు జస్టినా డేవిస్. ఎండలో పెట్టినా ఎర్రబడకుండా పచ్చగానే ఉండే మొక్క అది. ఆ పేరు ఎవరిదని వెతికితే, ఈ మొక్క గురించి మొదట రాసిన గవర్నరు డాబ్స్ భార్యదని తెలిసింది. 1762లో పెళ్లి నాటికి ఆయనకు 73, ఆమెకు 15. మన గురజాడ రాసిన పిల్లల లాంటి పిల్లే! చరిత్రలో గవర్నరు పేరు మొక్కను చూసినవాడిగా మిగిలితే, ఆ పిల్ల పేరు ఒక పచ్చని మొక్కకు మిగిలింది.

ఒక మంచి మాట కూడా ఉంది. అడవిలో ఈ మొక్కలను దొంగతనంగా తవ్వి అమ్ముకోవడం ఎక్కువైతే, ఉత్తర కరోలినాలో 2014 నుంచి దాన్ని పెద్ద నేరంగా చేశారు. సీసాల్లో లక్షలుగా పెంచగలిగినప్పుడు అడవిలోది పీకాల్సిన పనేముంది?

కాస్ పఠారం మీద

సెప్టెంబర్‌లో మా వృక్షశాస్త్రం క్లాసును సాతారా దగ్గరి కాస్ పఠారానికి తీసుకుపోయినారు. రాత్రి బస్సులో పోయినం. పొద్దున మబ్బులో ఆ ఎర్రరాతి మైదానమంతా పూలు. అందరూ పూల ఫొటోలు తీస్తుంటే నేను మోకాళ్ల మీద కూర్చొని నేలను చూసిన. రాతి మీద పల్చని మట్టి, నీళ్ల తడి, అక్కడ రూపాయి బిళ్లంత ఎర్ర మొక్క. డ్రోసెరా! మరాఠీలో దానిని దవ్‌బిందు అంటారు, అంటే మంచుబిందువే. పక్కనే నీలి పూలతో యుట్రిక్యులేరియా తివాచీ పరిచినట్టు ఉంది. దానికి ఇక్కడి వాళ్లు పెట్టుకున్న పేరు సీతేచీ ఆసవే, సీతమ్మ కన్నీళ్లు. మేరీ ట్రీట్ రాత్రులు మేలుకొని చూసింది దీని చుట్టాన్నే.

ముట్టుకోలేదు. అగ్గిపుల్ల తీయలేదు. నోట్‌బుక్ తీసి లెక్కపెట్టిన. పది మొక్కలు, వాటికి విచ్చుకున్న ఆకులు 47, పురుగులున్న ఆకులు 19. డార్విన్ లెక్క కన్నా తక్కువే వచ్చింది. మబ్బు పట్టినందుకా, జాతి వేరైనందుకా నాకు ఇంకా తెలియదు. వచ్చే సంవత్సరం ఎండ రోజున మళ్లీ లెక్కపెట్టాలి.

ఇంటికొచ్చి అమ్మకు ఫొటోలు చూపించిన. బీడీ చుట్టే చెయ్యి ఆపకుండానే చూసింది. ఇది ఎన్ని రూపాయలని అడిగింది. ఇది అమ్మేది కాదు, కొండ మీద ఉంటుందని చెప్పిన. మరి ఈసారి చావదు కదా అన్నది. చావదని చెప్పిన. నాన్న మాత్రం మొక్కల చదువుతో ఏం నౌకరీ వస్తదని ఇంకా అడుగుతున్నడు. ఆయనకు చెప్పడానికి నా దగ్గర ఇప్పటికి పెద్ద జవాబేమీ లేదు. మేరీ ట్రీట్ ఏం చేసి బతికిందో మాత్రం చెప్పిన. కొంచెంసేపు ఊరుకొని, మూడో సంవత్సరం ఫీజు ఎంత కట్టాలని అడిగినాడు.

మన కాలేజీ వెనక గోడ దగ్గర, నీళ్లట్యాంకు కింద అత్తిపత్తి పెరిగి ఉంది. ఈ వ్యాసం చదివినవాళ్లు ఒకసారి పోయి చూడండి. ముట్టుకుంటే ఎంతసేపటికి మళ్లీ విచ్చుకుంటుందో గడియారం పెట్టి చూసి, ఈ గోడపత్రిక కింద అంటించిన తెల్ల కాగితం మీద మీ లెక్క రాయండి. ఒక్కొక్కరు ఒక్కసారే ముట్టుకోండి. దానికీ అలసట ఉంటుంది.